ఒట్టు వెయ్యని అత్తమ్మ

డెబ్బైల చివర్లో, నేను ఐదో తరగతిలో ఉన్నప్పటి మాట. వరంగల్ బజారులో మా నాన్నకు పప్పుల దుకాణం ఉండేది. దుకాణదారు బిడ్డకు లెక్కలు రాకపోతే నామోషీ అని నన్ను వెనక గల్లీలో ఒక సారు దగ్గర ట్యూషన్‌కు పెట్టారు. లెక్క తప్పితే ఆయన నా వేళ్ల సందుల్లో పెన్సిళ్లు పెట్టి గట్టిగా నొక్కేవాడు. ఇంట్లో చెబితే, నేను కాపీ కొడతానని నాన్నతో చెబుతానని బెదిరించేవాడు. కాపీ సంగతి నిజమే కాబట్టి నేను నోరు మూసుకున్నాను.

చివరికి మా మేనత్తకు చెప్పాలని నిర్ణయించుకున్నాను. ఆమె హన్మకొండలో ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. ఆమె గొంతు లేస్తే కూరగాయలమ్మే వాళ్లు కూడా బేరం మానేసేవారు. సారు చొక్కా పట్టుకొని గల్లీలోకి ఈడుస్తుందని నా ఆశ. ఆదివారం అమ్మతో కలిసి వాళ్లింటికి వెళ్తూ, బస్సులో గొప్ప ఉపన్యాసం తయారు చేసుకున్నాను. తీరా ఆమె ముందు నిలబడితే ఒక్క ముక్కా గుర్తు లేదు.

"అత్తమ్మా, సారోళ్ల ఇంట్ల చీకటుంటది."

"లైటేసుకొమ్మను," అంది కుడుతూనే.

ఉపన్యాసం అక్కడితో సరి. ఏడుపు మొదలైంది. మిషన్ ఆగింది.

"ఏమైంది బిడ్డా?"

"వేళ్లు నొస్తానయి."

చేతులు తిప్పి చూసింది. కాపీ కొట్టడంతో సహా అన్నీ చెప్పేశాను. ఆమె అరవలేదు. "చెప్పి మంచి పని చేసినవ్. గిండ్ల నీ తప్పేం లేదు," అంది. ఆకాశం విరిగి పడుతుందనుకున్న నాకు కాస్త నిరాశగానే అనిపించింది.

"ఎవలకు చెప్పనని ఒట్టెయ్యి అత్తమ్మా."

"గా ఒట్టు నేనెయ్య. మీ బాపుకు చెప్పకుంటె రేపు మల్ల గాడికే పోతవు గద. నీ ముంగట్నే చెప్త, నీ ఎన్క చెప్ప."

ద్రోహం జరిగిందని తేల్చుకొని నిరాహారదీక్షకు కూర్చున్నాను. వంటింట్లో అమ్మ కాలుస్తున్న సర్వపిండి వాసన రాగానే దీక్ష ముగిసింది.

సాయంత్రం అత్తమ్మ మాతోపాటే వచ్చి నాన్నకు చెప్పింది. "సారన్నంక జర భయం పెట్టడా?" అన్నాడు నాన్న.

"ముందు చూడన్నా, మాట్లాడుడు తర్వాత," అంటూ నా చెయ్యి ఆయన చేతిలో పెట్టింది. ఆయన చాలాసేపు చూశాడు.

"నాకెందుకు చెప్పలే బిడ్డా?"

"కొడతవని."

ఆయన నన్ను ఎన్నడూ కొట్టలేదు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మళ్లీ నా వైపు తిరిగి, "ఇంతకు ఎవల్ని చూసి కాపీ కొట్టినవ్?" అని అడిగాడు. నాతోపాటే ట్యూషన్‌కు వచ్చే పక్కింటి పిల్లనని చెప్పాను.

"ఆమెకైనా లెక్కలొస్తయా?"

"రావు."

కళ్లొత్తుకుంటున్న అమ్మ ఫక్కున నవ్వింది.

మర్నాడు నాన్న, అత్తమ్మ సారింటికి వెళ్లి మాట్లాడారు. ఎవరూ ఎవరి చొక్కా పట్టుకోలేదు. పిల్లలు అబద్ధాలాడతారన్నాడట ఆయన. మా పిల్ల ఆడలేదని అత్తమ్మ అన్నదట. నా ట్యూషన్ మాన్పించి, పక్కింటికీ వెళ్లి చెప్పారు. ఆ పిల్ల తల్లి, "గింత దానికే గింత లొల్లా?" అని మాతో మాటలు మానేసింది. రెండిళ్ల మధ్యా నేనే చిచ్చు పెట్టానని కుమిలిపోయాను. పై ఆదివారం అత్తమ్మ మళ్లీ వచ్చి, నేను అడగకుండానే, "గది పెద్దోళ్ల పంచాది. నువ్వు ఫికర్ చెయ్యకు," అంది. కొన్నాళ్లకు ఆ పిల్లనూ అక్కడ మాన్పించారు.

నాకు కొత్తగా ఒక టీచరమ్మ పాఠం చెప్పింది. ఎంతో నెమ్మది మనిషి. లెక్కలు రాకపోవడం సారు పాపం కాదని, అది పూర్తిగా నా సొంత ప్రతిభేనని అక్కడ రుజువైంది. అయినా లెక్క తప్పినప్పుడల్లా నా రెండు చేతులూ తొడల కింద దాక్కునేవి. నేను వాటిని బయటికి తీసేదాకా ఆవిడ ఏమీ అనకుండా కూర్చునేది.