నాయనమ్మ చెప్పని సాక్ష్యం

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున్నే పంజాగుట్ట నుంచి మా చర్చికి నడిచి వెళ్తుంటే, తెల్లదొరల కాలం నాటి ఒక పాత కేథలిక్ చర్చి గేటు రాగానే నాయనమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని అడుగుల వేగం పెంచేది.

లోపల మరియమాత గుహ, ముందు కొవ్వొత్తులు... జడలో మల్లెపూలతో ఆంధ్రా ఆంటీలు, బురఖాల్లో అమ్మలు, అందరూ వచ్చేవారు. మేమే పోయేవాళ్లం కాదు. మేము ప్రొటెస్టెంట్లం, విగ్రహాల ముందు నిలబడం. పైగా మా చర్చిలో తాత సంఘపెద్ద.

నాకు తొమ్మిదేళ్లప్పుడు తమ్ముడికి మెదడువాపు జ్వరం వచ్చింది. వారం రోజులు కళ్లు తెరవలేదు. అమ్మానాన్నలకు ఆసుపత్రిలో క్యారియర్ ఇచ్చి నాతో కలిసి వస్తూ, ఒక మధ్యాహ్నం నాయనమ్మ ఆ గేటు దగ్గర ఆగిపోయింది. అటూ ఇటూ చూసి, కొంగు తలమీదికి లాక్కుని లోపలికి నడిచింది.

కొవ్వొత్తి అయితే కొన్నది గానీ, వెలిగించడానికి చెయ్యి రాలేదు. అలాగే పట్టుకుని, కళ్లు మూసుకుని, మా పద్ధతిలోనే ప్రార్థన మొదలుపెట్టింది...

"ప్రభువా, నేను నీతోనే మాట్లాడుతున్న. మీ అమ్మ పక్కన నిలబడి మాట్లాడుతున్న, గంతే. పిల్లగాడు లేస్తలేడు. అమ్మ చెప్తెనన్న ఇంటవని వచ్చిన."

పక్కనున్న ఒకావిడ, ఏమీ అడగకుండా, తన కొవ్వొత్తితో దాన్ని వెలిగించింది. నాయనమ్మ వద్దనలేదు. తాతకు చెప్పొద్దని మాత్రం దారంతా నన్ను బతిమాలింది.

తమ్ముడు లేచాడు.

మా చర్చిలో ప్రార్థన ఫలిస్తే అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాలి. నాయనమ్మకు అదంటే ప్రాణం. పోయిన తాళంచెవి దొరికినా లేచి చెప్పేది... ఆ ఆదివారం మగవాళ్ల వైపు నుంచి తాత ఎంత సైగ చేసినా లేవలేదు. కొవ్వొత్తి సంగతి చెబితే తాత పరువు పోతుంది, దాచి చెబితే దేవుడి ముందు అబద్ధమవుతుంది. తల వంచుకుని కూర్చుంది. చనిపోయేదాకా మళ్లీ ఏ సాక్ష్యమూ చెప్పలేదు. అంత సంతోషాన్ని లోలోపలే దిగమింగుకుంది... తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

ఇప్పుడు రోజూ ఆఫీసు నుంచి, అదే ట్రాఫిక్‌లో, ఆ చర్చి ముందు నుంచే వస్తాను. తాత లేడు, అడిగేవాళ్లూ లేరు. ఏ గేటులోకైనా పోవచ్చు... పోవడానికే ఓపిక లేదు. ఇంటికెళ్లి పడుకుంటే చాలనిపిస్తుంది.

మీ ఇళ్లలోనూ ఇలా ఎవరికీ తెలియకుండా మొక్కుకున్నవాళ్లు ఉన్నారా? ఉంటే రాయండి... మా నాయనమ్మ ఒక్కతే కాదని తెలిస్తే, ఆమెకు ఎలాగూ చెప్పలేను, నాకైనా కాస్త తేలిగ్గా ఉంటుంది.