సాంతం గారి గొడుగు

సాంతం గారికి ఏ మాటనీ క్లుప్తంగా చెప్పడం రాదు. టైమెంతయిందని అడిగితే, ఆ గడియారం ఎప్పుడు కొన్నదీ, అమ్మిన షాపతనికి మెడనొప్పి ఎందుకు పట్టుకున్నదీ, ఆ నొప్పి ఎవరి సలహా వింటే ముదిరిందీ చెప్పుకుంటూ వచ్చి, అడిగిన మనిషి ఏ పని కోసం టైము అడిగాడో ఆ పని చేయిదాటిపోయాక, "ఇంతకీ నువ్వేమడిగావు?" అంటారు. వినేవాళ్ళు మధ్యలో కదిలితే చెయ్యి కొంచెం పైకెత్తి, "సాంతం వినాలి మరి" అంటారు. ఆ మాట పట్టుకునే ఆఫీసంతా ఆయనకి సాంతం గారని పేరు పెట్టేసింది. అసలు పేరు హాజరు పుస్తకానికి మాత్రమే తెలుసు.

విచిత్రమేమిటంటే, ఆయన నోట ఏ కథైనా సాంతం అవగా విన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆ ఆఫీసు లిఫ్టులు బాగుచేసే కంపెనీది. లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలి మనిషి ఎర్ర బొత్తాం నొక్కుతాడు. ఆ ఫోను ఈ ఆఫీసు రెండో అంతస్తులోని ఫోన్ల గదిలో మోగుతుంది. అక్కడివాళ్ళు చిరునామా రాసుకుని మెకానిక్‌ని పరిగెత్తిస్తారు. సాంతం గారు ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలోనే ఉన్నారు. ఈమధ్య ఆ ఫోను మాటలన్నిటినీ కంప్యూటరే విని కాగితానికి ఎక్కిస్తోంది. ఎక్కించినవి చదివే తీరిక మాత్రం ఎవరికీ లేదు. అందుకని డైరెక్టరు గారు, ఎంత పొడుగు సంభాషణనైనా మూడు వాక్యాలకు కుదించే సాఫ్ట్‌వేరు ఒకటి కొందామనుకున్నారు. అలాంటివి మూడు కనబడ్డాయి. మూడింట్లో ఏది మేలో తేల్చే పని, కొత్తగా చేరిన ఇంజినీరమ్మాయి నెత్తిన పడింది.

అరవై రికార్డులు, మూడు సాఫ్ట్‌వేర్లు, ఒక్క పేజీ రిపోర్టు, శుక్రవారం గడువు. రిపోర్టు బాగుంటే ఆమె ఉద్యోగం పర్మనెంటు. బాగులేకపోతే ఏమిటని అడిగితే డైరెక్టరు గారు "చూద్దాం" అన్నారు. ఆ "చూద్దాం" ఆమె చెవుల్లో దోమలా తిరుగుతూనే ఉంది.

"అసలు రికార్డు చదివి, మూడు సారాంశాలూ చదివి, మార్కులు వేసే మనిషి ఒకరు కావాలి సార్," అందామె.

"ఫోన్ల గదిలోంచి పంపిస్తా."

ఫోన్ల గదివాళ్ళు ఎవరు లేకపోతే తమకి హాయిగా ఉంటుందో వాళ్ళనే పంపారని ఆమెకి పది నిమిషాల్లో అర్థమైంది. ఎందుకంటే సాంతం గారు కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ కుర్చీ గురించే పది నిమిషాలు మాట్లాడారు.

"బాబాయ్ గారూ, ముందు ఈ ఒక్క రికార్డుకీ మీ చేత్తో నమూనా సారాంశం రాయండి. దాంతో యంత్రాలవి పోల్చి చూస్తాను. మూడే వాక్యాలు."

రాసిచ్చారు. నాలుగు పేజీలు. అసలు రికార్డు ఒకటిన్నర పేజీ.

"ఇది అసలు దానికన్నా పొడుగుంది బాబాయ్ గారూ."

"అందులో వాళ్ళు కొన్ని చెప్పకుండా వదిలేశారు తల్లీ. అవీ చేర్చాను."

"మూడు వాక్యాలన్నాను కదా."

"లెక్కపెట్టుకో. మూడే."

లెక్కపెట్టింది. నిజమే. నాలుగు పేజీల మొత్తం మీద ఫుల్‌స్టాపులు మూడే ఉన్నాయి.

ఆ సాఫ్ట్‌వేర్ల పేర్లకి ఆయన నోరు తిరగలేదు. "ఇంటికొచ్చిన అల్లుళ్ళనుకుందాం," అని పెద్దల్లుడు, రెండో అల్లుడు, చిన్నల్లుడు అని పెట్టేశారు. మర్నాటికి అమ్మాయి కూడా అలాగే పిలవసాగింది. అల్లుళ్ళ గుణగణాలు రెండో రికార్డులోనే బయటపడ్డాయి. ఒకావిడ కుక్కపిల్లతో లిఫ్టెక్కితే తలుపు కిర్రుమని మొరాయించింది. జరిగింది అంతే.

పెద్దల్లుడు అసలు రికార్డులోని వాక్యాలే కత్తిరించి అతికించే రకం. తన సొంత మాట ఒక్కటీ కలపడు. అతను రాసిందిది: "తలుపు కిర్రుమంటోంది. అది కరవదండీ."

రెండో అల్లుడు అంతా తన మాటల్లో చెప్పే రకం. "కిర్రుమంటున్న కుక్క తలుపును కరిచింది. మెకానిక్ ధైర్యంగా దానిని విడిపించాడు."

చిన్నల్లుడు: "వినియోగదారు తలుపు విషయమై అసంతృప్తి వ్యక్తం చేశారు. సంస్థ సానుకూలంగా స్పందించింది."

సాంతం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పెద్దతను నిజాయితీపరుడు, కానీ చేతిలో కత్తెరతో పుట్టాడు. రెండో అతన్ని కబుర్లకి పిలవచ్చు, సాక్ష్యానికి మాత్రం పిలవకూడదు. ఇక చిన్నతను ఏం చెప్పాడో నువ్వే చెప్పు."

"ఏమీ చెప్పలేదు."

"ఎంత మర్యాదగా చెప్పలేదో చూశావా."

ఆ మూడు మార్కులకీ కారణాలు రాయమని ఉన్న చిన్న గడిలో ఆయన రెండు పేజీలు రాశారు. కంప్యూటరు ఆ గడిని సాగదీసి సాగదీసి, చివరికి తానే ఆగిపోయింది.

మంగళవారం సాయంత్రానికి తొమ్మిది రికార్డులే అయ్యాయి. అమ్మాయి మాత్రం అసలు రికార్డులు ఒక్కటీ చదవలేదు.

"నువ్వు చదివావా తల్లీ ఇవి?"

"టైమెక్కడుంది బాబాయ్ గారూ. చదవక్కర్లేకుండా ఉండటానికే కదా ఈ సారాంశాలు."

"మరి సారాంశం సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?"

"అందుకే కదా మీరు."

ఆయన నవ్వుకుని, "పోనీలే. పోవడం అంటే గుర్తొచ్చింది. మా మేనమామకి ఒక గొడుగుండేది. వంకీ పిడి, దానికి ఇత్తడి కట్టు..." అని ఎత్తుకున్నారు.

ఆ గొడుగు కథ ఆ వారంలో ఆమె ఆరుసార్లు విన్నది. మేనమామ బస్సెక్కుతాడు, గొడుగు సీటు కింద పెడతాడు, మూడో స్టాపులో దిగిపోతాడు. దిగాక గుర్తొస్తుంది. అక్కణ్ణుంచి కథ ఒకసారి మేనమామ వెనక పరిగెత్తేది, ఒకసారి బస్సు వెనక పరిగెత్తేది. ఈలోగా టీ వచ్చేది, లేకపోతే ఫోను మోగేది. ఒకసారి సాంతం గారి భార్యే ఫోను చేసింది.

"ఆయన బయల్దేరారా అమ్మా?"

"లేదండీ. గొడుగు సంగతి చెబుతున్నారు."

"ఎంతదాకా వచ్చింది?"

"బస్సు దిగారండీ."

"అయితే చాలా టైముంది. నేను బట్టలుతికి ఆరేసుకుంటా." ఫోను పెట్టబోతూ ఒక్క క్షణం ఆగింది. "ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆయన నాకు ఒక్క కబురూ పూర్తిగా చెప్పలేదమ్మా. అందుకే కాబోలు, విసుగు రాలేదు."

అమ్మాయికి మాత్రం వచ్చింది. బుధవారం ఆమె రిపోర్టు సగం రాసేసింది. మాటల పొందిక చూసి కంప్యూటరు వేసిన లెక్కలో రెండో అల్లుడికే ఎక్కువ మార్కులొచ్చాయి. వాక్యాలు నున్నగా ఉన్నాయి మరి. దాన్నే కొనమని రాసింది. కిందే ఇంకో సిఫారసు చేర్చింది: "ఫోన్ల గదిలో మాట్లాడేదానిలో తొంభై శాతం అనవసరమని మూడు సాఫ్ట్‌వేర్లూ తేల్చాయి. ఒక్కో ఫోనుకి మూడు నిమిషాల పరిమితి పెట్టవచ్చు." ఆ వాక్యం డైరెక్టరు గారికి నచ్చుతుందని ఆమెకి తెలుసు.

గురువారం సాంతం గారు ఎందుకో ఊపందుకున్నారు. మధ్యాహ్నానికి నలభై దాటారు. ఆమె మార్కుల పట్టిక తెరిచి చూసుకుంటూ నలభై ఒకటో రికార్డు దగ్గర ఆగిపోయింది. ముగ్గురల్లుళ్ళకీ సున్నాలు. కారణాల గడి ఖాళీ.

ఖాళీ. రెండు పేజీల మనిషి.

"ఇక్కడేమీ రాయలేదేం బాబాయ్ గారూ?"

"చదువుకో తల్లీ," అన్నారు. అంతే. రెండే మాటలు. ఆయనకి జ్వరమేమో అనుకుంది.

ముందు సారాంశాలు చూసింది. పెద్దల్లుడు: "గాలి ఆడటం లేదు. గొడుగు బస్సులోనే ఉండిపోయింది. తలుపు తెరుచుకుంది." రెండో అల్లుడు: "గొడుగు అడ్డుపడి లిఫ్టు ఆగిపోయింది. మెకానిక్ గొడుగును తొలగించాడు." చిన్నల్లుడు: "వినియోగదారు అసౌకర్యానికి గురయ్యారు. సంభాషణలో అధికభాగం అప్రస్తుతం."

గొడుగన్న మాట చూడగానే ఆమె అసలు రికార్డు తెరిచింది. యాభై రెండు నిమిషాల సంభాషణ. మొదటిసారి, మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టింది.

"తలుపు బద్దలు కొట్టేస్తా."

"కొడుదువుగాని తమ్ముడూ. లోపల నీతో ఇంకెవరున్నారు?"

"బీరువా."

"ఖాళీదేనా?"

"ఖాళీదైతే ఏంటి సార్. దానికీ గోడకీ మధ్య ఇరుక్కున్నా. సామాన్లు మోసేవాణ్ణి, నాకిలాంటివి అలవాటే అనుకుంటారు. గాలి ఆడట్లేదు నాకు. తలుపు సందులో వేళ్ళు పెట్టా, లాగేస్తున్నా."

"గాలికి లోటు లేదు, పైన కన్నాలున్నాయి. వేళ్ళు తియ్యి. నువ్వు రెండంతస్తుల మధ్యలో ఉన్నావు, తలుపు లాగితే అవతల అడుగు పెట్టడానికి చోటుండదు. మెకానిక్ బయల్దేరాడు. ట్రాఫిక్కుంది, కాస్త పడుతుంది. బీరువా అంటే గుర్తొచ్చింది, మా మేనమామకి ఒక గొడుగుండేది."

"నేనిక్కడ చస్తుంటే గొడుగేంటి సార్?"

"సాంతం వినాలి మరి."

అమ్మాయి కుర్చీలో సర్దుకుని కూర్చుంది. నాలుగో పేజీలో ఆ మనిషి, "బస్సులో కండక్టరు లేడా?" అని అడిగాడు. ఆరో పేజీలో, గొడుగు ఒక బుట్టావిడ తీసుకుందని తెలిసి ఆవిణ్ణి తిట్టాడు. తొమ్మిదో పేజీలో సాంతం గారు, "వేళ్ళు తీశావా?" అన్నారు. "ఎప్పుడో తీశా. ముందు ఆ బుట్టావిడ ఏ స్టాపులో దిగిందో చెప్పండి," అన్నాడు. గాలి సంగతి మళ్ళీ ఎత్తలేదు. పధ్నాలుగో పేజీలో మెకానిక్ గొంతు వినబడింది.

"తెరిచానన్నా, బయటికి రా."

"ఉండవయ్యా. గొడుగు దొరకబోతోంది."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. పక్క బల్లవాళ్ళు తలెత్తి చూశారు. ఆ నవ్వుతోనే నలభై నాలుగో రికార్డు తెరిచింది. అదే భవనం, అదే లిఫ్టు, నాలుగు రోజుల తరవాత. రెండో అల్లుడు రాసింది: "అదే వినియోగదారు అదే లిఫ్టులో మళ్ళీ చిక్కుకున్నాడు. లిఫ్టును వెంటనే మార్చాలి." అసలు రికార్డులో ఉన్నదిది:

"నేనండీ, బీరువా. గుమ్మంలోంచే చెయ్యి పెట్టి బొత్తాం నొక్కా. లిఫ్టు బాగానే ఉంది. కానీ ఎక్కాలంటే కాళ్ళు రావట్లేదు. ఇవాళ ఏడో అంతస్తుకి మంచం మొయ్యాలి. మీరా గొడుగు సంగతి చెబుతూ ఉంటే ఎక్కేస్తా."

"ఎక్కడ ఆపాం?"

"బుట్టావిడ రోడ్డు దాటిందండీ."

"ఆ. దాటిందా, ఎదురుగా ఇంకో బస్సు..."

ఏడో అంతస్తు వచ్చేసిందని ఆ మనిషే చెప్పాడు. కథ అక్కడాగింది.

అమ్మాయి మిగతా రికార్డులన్నీ వరసగా తెరిచింది. ఆపరేటరు అని మాత్రమే రాసి ఉంది, పేరు లేదు. కానీ గడియారం అమ్మిన షాపతని మెడనొప్పి పదకొండు నిమిషాలు ఒక పెళ్ళికూతురికి తోడుంది. ఆఫీసు కుర్చీ కథ ఒక దంతవైద్యుణ్ణి ఏడవకుండా కాపాడింది. ప్రతి కథా తలుపు తెరుచుకున్న చోట తెగిపోయింది.

సాంతం గారు కిటికీ అద్దం దగ్గర నిలబడి వాన పడుతుందా లేదా అని చూస్తున్నారు.

"బాబాయ్ గారూ, గొడుగు దొరికిందా ఇంతకీ?"

ఆయన కొంచెం సిగ్గుపడ్డారు. "తెలీదు తల్లీ. మన మెకానిక్కులు మంచోళ్ళు. అంతదాకా ఎప్పుడూ రానివ్వలేదు."

"మీ మేనమామ గొడుగు మీకే తెలీదా?"

"నాకు మేనమామలు లేరు."

ఆమె తన బల్ల దగ్గరికెళ్ళి, మూడు నిమిషాల పరిమితి వాక్యాన్ని కొట్టేసింది. దాంతోపాటు పేజీ మొత్తం కొట్టేసింది.

శుక్రవారం పదింటికి డైరెక్టరు గారు చేతిలో కారు తాళాలు పట్టుకునే ఆమెని గదిలోకి పిలిచారు.

"నాకింకో మీటింగుంది. ఒక్క ముక్కలో చెప్పు, ఏది కొనాలి?"

"పెద్దల్లుడండీ."

"ఎవరు?"

"అంటే, మొదటిది సార్. అతుకులు కనబడతాయి కానీ అబద్ధం ఆడదు. మెకానిక్కులకి చిరునామా, అంతస్తు, చెడిందేమిటి, అంతవరకు అది చాలు. రెండోది బాగున్న లిఫ్టుని కూడా మార్చేయమంది. మూడోదానికి మర్యాద ఎక్కువ, అంతకుమించి చెప్పడానికేమీ లేదు. ఇంకోటి సార్. ఆపరేటర్లు ఫోనులో మాట్లాడే టైముకి మాత్రం కోత పెట్టకూడదు. కొత్తగా చేరే ఆపరేటర్లు నలభై ఒకటో రికార్డు పూర్తిగా వినాలి."

డైరెక్టరు గారు ఆమె కొత్తగా రాసిచ్చిన పేజీ చివర వేలు పెట్టారు. "ఇదేంటి? 'గొడుగు సంగతి మూడింట్లో ఏదీ చెప్పలేకపోయింది.' ఏం గొడుగు?"

"అది చెప్పాలంటే సార్," అని ఆమె కుర్చీ లాక్కుంది, "ముందు ఒక బీరువా సంగతి చెప్పాలి."

ఆయన తాళాలు బల్ల మీద పెట్టారు. కాసేపటికి మీటింగువాళ్ళు ఫోను చేస్తే, "మీరు మొదలుపెట్టండి," అన్నారు. బుట్టావిడ రోడ్డు దాటే వేళకి ఆమె పర్మనెంటు కాగితం మీద, చూడకుండానే సంతకం పెట్టారు. ఆమె లేచి లిఫ్టు దాకా వస్తే, వెనకే ఆయనా వచ్చారు.

"ఇంతకీ గొడుగు దొరికిందా లేదా అమ్మాయీ?"

ఆమె లిఫ్టులోకి అడుగుపెట్టి, రెండో అంతస్తు బొత్తాం నొక్కి, చెయ్యి కొంచెం పైకెత్తింది.

"సాంతం వినాలి మరి సార్," అంది. తలుపులు మూసుకున్నాయి.