నిన్నటి లోతు

మొన్న సీతాఫల్‌మండిలో మా ఇంటి ముందు మోరీ పూడిక తీస్తుంటే ఆ నల్లమట్టి వాసన లోపలి గదిదాకా వచ్చింది. కోడలు కిటికీ మూసింది. నేను మళ్ళీ తెరిచాను. ఆ వాసనకు యోహాను మేస్త్రి గుర్తుకొస్తాడు. ఆయన వెనకే మల్లమ్మ.

మేస్త్రిది సముద్రపు ఒడ్డు. వయసులో రేవులో ఓడలొచ్చే దారిలో పూడిక తీశాడట. సికింద్రాబాద్ వచ్చాక, అల్వాల్ అవతలి చెరువులో పడవ దారిని చూసుకునే పని దొరికింది. వాన పడితే వాగు మట్టి తెచ్చి ఆ దారిలో పోసేది. పొడుగు కర్రలకు కట్టిన తట్టలతో ఆయన కింది కూలీలం మేం తోడేవాళ్ళం. పొద్దున్నే, మొదటి పడవ కదలకముందు, మేస్త్రీ నేనూ వెళ్ళి లోతు చూసేవాళ్ళం. తాడుకు ఇనుప గుండు, మూరకొక గుడ్డపీలిక. ఆయన కళ్ళకు పొర కమ్మింది కాబట్టి గుండు వదిలి పీలికలు లెక్కపెట్టేది నేను. అప్పటికే ఇద్దరు పిల్లల తల్లిని. అక్షరం ముక్క రాదు.

అవతలి ఒడ్డునుంచి పాలు తెచ్చే మల్లమ్మ నన్ను చూసి నవ్వేది. “ఏందే సాయమ్మా, చేపలకు ఊయల గడ్తున్నవా? జెర మంచిగ జూడు, నాకు ఈత రాదు.”

“నీరు రోజూ కొత్తదేనమ్మా. నిన్నటి లోతు నిన్నటిదే,” అనేవాడు మేస్త్రి.

పోలీస్ యాక్షన్ రోజులు. రోడ్డు బందయి జనమంతా పడవ మీదే పడ్డారు. ముందురోజంతా వాన. ఆ పొద్దున దూరంగా ఏవో పేలుళ్ళు. ఇంట్లో పిల్లలు ఒంటరిగా ఉన్నారు. పడవ దారి మలుపు దగ్గర నేను గుండు వదల్లేదు. “నాలుగు మూరలు” అన్నాను. అది నిన్నటి లెక్క.

“గుండు దిగిందామ్మా?”

“దిగింది మేస్త్రీ. జల్ది పోదాం.”

ఆయన ఒడ్డుకొచ్చి, పడవ కదలొచ్చని పచ్చగుడ్డ ఊపాడు. నిండు పడవ ఆ మలుపులో మట్టిదిబ్బకు కొట్టుకుని ఒరిగింది. అందరూ బయటపడ్డారు, మల్లమ్మ తప్ప. బురదలో తడిమి ఆమెను తీసింది మేస్త్రే.

కొలిచిందెవరని అధికారి అడిగితే “నేనేనండి” అన్నాడు. పని పోయింది. ఊరంతా గుడ్డి మేస్త్రి అని తిట్టింది. నేను నోరు విప్పలేదు. వారం తర్వాత మేస్త్రి ఇంటికి వెళ్ళి చెప్పేశాను.

“తెలుసమ్మా. గుండు నీళ్ళలో పడ్డ చప్పుడు నాకు వినపడలేదు. అయినా గుడ్డ ఊపాను. నా తప్పు కాదని ఎట్లా అంటాను?” పలక తీసి నా ముందు పెట్టాడు. “రాయడం నేర్చుకో. మల్లమ్మ పెనిమిటికి నీ చేత్తోనే రాసివ్వు. నోటితో అయితే నువ్వు మళ్ళీ తప్పు చెబుతావు.”

ఏడాదిపైనే పట్టింది నాకు. ఈలోపు మేస్త్రి పోయాడు. “గుండు వదల్లేదు. తప్పు నాది” అని రాసి తీసుకెళ్ళాను. మల్లమ్మ పెనిమిటి కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

“నాకు సదువు రాదు బిడ్డా. ఏం రాసినవో నువ్వే జెప్పు.”

ఆయన కళ్ళలోకి చూశాను. “మల్లమ్మ మంచిదని రాసిన” అన్నాను. ఆయన కాగితాన్ని కళ్ళకద్దుకుని దేవుడి గూట్లో పెట్టాడు.

ఇప్పటికీ బిందెలో నీళ్ళెన్ని ఉన్నాయని అడిగితే చెయ్యి ముంచకుండా చెప్పను. మేస్త్రి నేర్పిన దాంట్లో నాకు మిగిలింది అదీ, ఈ రాతా. అక్కడ ఆయనకు చెప్పాల్సింది ఇక్కడ రాశాను. వినాల్సినవాళ్ళు ఇప్పుడు ఒక్కరూ లేరు.