సారెగా వచ్చిన చేపలు

ఎండాకాలంలో కాలువ కట్టేస్తే మా పని మొదలయ్యేది. కర్నూలు నుంచి కడప దాకా వచ్చే పెద్ద కాలువ పక్కనే మా పల్లె. నీళ్లు ఆపినంత మాత్రాన కాలువంతా ఎండిపోదు. నీళ్లు మెట్టు దిగి కిందికి దూకే చోట్ల, తూముల ముందర, మడుగులు మిగులుతాయి. చేపంతా ఆ మడుగుల్లో చిక్కుకుంటుంది. కొంగలు, కాకులు, కుక్కలు, మనుషులు, అందరూ దాని మీద పడేవాళ్లే. వాళ్లకంటే ముందు ఆ చేపను ఏరి, బతికించి, చెరువుకు మోయడానికి చేపల ఆఫీసువాళ్లు మా బెస్తోళ్లను కూలికి పెట్టుకున్నారు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన తర్వాతి ఏళ్ల మాట ఇది.

మోయడమొక్కటే అయితే ఇప్పుడు కూర్చుని రాసేదాన్ని కాదు. నాకు అక్షరాలు వచ్చిందే మనవలు బడికి పోయే రోజుల్లో. ఊరికే కాగితం పాడు చేయడం నాకిష్టం లేదు. మేం చేసింది కూలి పని మాత్రమే కాదు కాబట్టి రాస్తున్నాను.

పని రెండు రకాలు. ఒకటి, మన నీళ్ల చేపను కనిపెట్టుకుని ఉండడం. అందులో ముఖ్యమైంది గండుమీను. నదిలో పుట్టి కాలువ పట్టుకుని మా దాకా వచ్చేది. రాగి చెంబు తోమినట్టు పొలుసు, పెదవికి కుచ్చు కుట్టినట్టు అంచు. దాన్ని తడిగుడ్డ పరిచిన పలక మీద పడుకోబెట్టి, మూతి నుంచి తోక దాకా కొలిచి, పొట్ట కింది రెక్క కొస కొద్దిగా కత్తిరించి వదిలేవాళ్లం. మా పక్క గొర్రెల కాపర్లు చెవి కోసి మంద గుర్తు పెట్టుకుంటారు, ఇదీ అట్లాంటిదే. ఒక ఏడు ఎడమ రెక్క, మరుసటేడు కుడి రెక్క. రెక్క తెగిన చేప మళ్లీ వలలో కనబడితే, మేం మోసింది బతికిందని అర్థం. కొలిచేది చేపల ఆఫీసు సారు, పట్టుకునేది నేను. చేప కళ్ల మీద తడికొంగు కప్పితే అది కొట్టుకోదు. ఆ సంగతి పట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది.

రెండో పని, కొత్త చేపను కాలువలోకి రానీకుండా ఏరి పారేయడం. దాన్ని మేం సర్కారు చేప అనేవాళ్లం. కరువు సీమ జనం తింటారని యాడినుంచో తెప్పించి గుంటల్లో వదిలిందీ సర్కారే; అది పందిపిల్లల మాదిరి పెరిగి పక్క చేపల మేత తినేస్తోందని తెలిసి వద్దన్నదీ సర్కారే. దాని పిల్లల్ని తల్లి నోట్లో పెట్టుకుని సాకుతుందని సారు చెప్పినప్పుడు మేం నవ్వినాం. సారు సముద్రం పక్క జిల్లాల మనిషి, వయసులో నాకంటే చిన్న, ఎవరు నవ్వినా కోపం తెచ్చుకోడు.

మా అత్త మాత్రం నవ్వకుండా అడిగింది. ‘‘నోట్లో పిల్లల్ని పెట్టుకుంటే అది కూడెట్ల తింటాది సారూ?’’

‘‘తినదమ్మా. వాటిని వదిలేదాకా పస్తే.’’

‘‘అయితే మా ఊరి తల్లులకంటే మేలే,’’ అని నా వైపు చూసింది. ఆమెకు అదొక సంతోషం.

ఆ ఏడు మాఘంలో మా మరిదికి పెళ్లయింది. పిల్లది బద్వేలు పక్క. మా బెస్తల్లో కొన్ని ఇండ్లకు ఒక ఆచారముంది. కూతుర్ని అత్తగారింటికి పంపేటప్పుడు చీరె, పసుపు, కుంకుమతో పాటు ఒక కడవలో బతికిన చేపలు సారెగా పంపుతారు. అత్తగారి ఊరి నీళ్లలో వాటిని పోస్తే, పిల్ల ఆ ఊర్లో వేరు తన్నినట్టు. ఏడాది తిరిగేదాకా ఆ చేప మీద వల వేయకూడదు. ఏడాదికి పుట్టింటివాళ్లు వచ్చి మొదటి చేప తీసి ఇస్తే, కోడలు వండి అందరికీ పెడుతుంది. అప్పటికి సారె చెల్లినట్టు.

పిల్ల నాయన, మా వియ్యంకుడు, ఆ కడవను బండిలో ఒళ్లో పెట్టుకుని తెచ్చినాడు. దారి పొడుగునా చేత్తో నీళ్లు తట్టుతూ, బావి కనబడిన చోటల్లా నీళ్లు మారుస్తూ వచ్చినాడంట. కడవ మూతికి పసుపు గుడ్డ, ముందర పలక డప్పుల మోత. కట్ట దిగి చెరువులో కుమ్మరించినాడు. ఏం చేప అని ఎవరూ తొంగి చూడలేదు. సారె కడవలో తొంగి చూస్తారా? ‘‘ఎంత ఎండకైనా చావదు, ఏడాదికి మీ చెరువు నింపుతాది చూడక్కా,’’ అని ఆయన అంటే మా అత్త మురిసిపోయింది. నేనూ మురిసిపోయినాను.

వైశాఖంలో చెరువు సగానికి పైగా ఇంకిపోయింది. ఒకరోజు పొద్దున బట్టలు ఉతకడానికి పోయినదాన్ని, ఒడ్డు పక్క పల్చని నీళ్లలో పళ్లెం బోర్లించి తీసినట్టు గుండ్రని గుంతలు కనబడినాయి. ఒకదాని పక్కన ఒకటి. గుంత మధ్యలో ఒక నల్లని చేప, రెక్కల అంచులు మాత్రం ఎర్రగా, కావలి కాస్తోంది. ఏడాదేడాదీ మేం మడుగుల్లో వేటాడుతున్న సర్కారు చేప మా చెరువులో కాపురం పెట్టింది.

బట్టలు అక్కడే వదిలేసి మా ఆయన్ని పిలుచుకొచ్చినాను. ఆయన చూసి కట్ట మీద కూలబడినాడు. మా పనివాళ్లందరికీ ఆయనే పెద్ద. ‘‘బద్వేలు కడవ,’’ అన్నాడు. 

సారుకు దాచలేం, దాచలేదు. ఆయన వచ్చి గుంతలు చూసి, చెప్పలేక చెప్పినాడు. ఆషాఢానికి కాలువకు నీళ్లొస్తాయి. తూములోంచి చెరువుకు చేరతాయి. చెరువు నిండి నీళ్లు మరవ మీదుగా పొర్లితే ఈ చేప కింది చెరువులన్నిటికీ పోతుంది. ఆ లోపల చెరువులో చేపల్ని చంపే వేరుమందు పొడి కలపక తప్పదు. పైనుంచి ఆజ్ఞ అట్లా ఉంది.

‘‘మందు వేస్తే మన చేప?’’ అన్నాను.

‘‘అన్నీ పోతాయమ్మా. మందుకు మనదీ పరాయిదీ తెలియదు.’’

ఆ చెరువులో మేం ఏళ్లుగా కడవల్లో మోసిన గండుమీనంతా ఉంది. మా బెస్త ఇండ్లన్నీ ఆ చెరువు మీద బతికేవే. నీళ్లొచ్చేలోపల మేమే చేత్తో ఏరి శుభ్రం చేస్తే ఒప్పుకుంటారా అని అడిగినాను. సారు ఆలోచించి, తానే వచ్చి వల లాగి చూస్తానని, కొత్త చేప ఒక్కటి కనబడకపోతే మందు వెనక్కి తీసుకుపోతానని మాటిచ్చినాడు.

సారు ఒప్పుకున్నాడు గాని మా అత్త ఒప్పుకోలేదు. సారె పోసి ఏడాది కాలేదు. వల తగిలితే పిల్ల వేరు పెరికినట్టే అంది.

‘‘అత్తా, మందు పోస్తే సారె బతుకుతాదా?’’

‘‘అది సర్కారు చేసే పాపం. ఇది మనం చేసేది,’’ అంది.  ఆమె మాటలో న్యాయముంది కాబట్టే నాకు ఇంకా మంట పుట్టింది.

పుట్టింటివాళ్లే వచ్చి తీస్తే తప్ప దారి లేదు. కానీ నువ్విచ్చిన సారె మాకు చేటు తెచ్చిందని వియ్యంకుడితో ఎవరు చెప్పాలి? మా ఆయనా మరిదీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మగవాళ్లకు నడుం లోతు నీళ్లలో ఉండే ధైర్యం వియ్యంకుడి గడపలో ఉండదు. నేనే కొత్త కోడల్ని తీసుకుని బద్వేలు బండెక్కినాను.

ఆయన ముందు మర్యాద చేసినాడు, మజ్జిగ ఇప్పించినాడు. సంగతి విన్నాక మొహం నల్లబడింది. ‘‘ఏందమ్మా, నేను దరిద్రం పోసినానా మీ చెరువులో?’’

‘‘చేప మంచిదే చిన్నాయనా. మా చెరువుకు సరిపోలే,’’ అన్నాను. నా నోట అంతకంటే మెత్తని మాట రాదు.

ఆయన లేచి వెళ్లిపోబోతుంటే పిల్లది తలుపుకు అడ్డం నిలబడింది. పెళ్లయినప్పటి నుంచి మా ఇంట్లో గట్టిగా మాట్లాడిన పిల్ల కాదు.

‘‘నాయనా, ఆ చెరువు పోతే పలానా దాని సారెతో పోయిందంటారు. నేను ముసిలిదాన్నయ్యేదాకా అంటానే ఉంటారు. నువ్వొచ్చి నీ చేత్తో తీయి.’’

ఆయన వెనక్కి తిరిగినాడు. లోపలికిపోయి దూలానికి వేలాడుతున్న వల దించినాడు. తన అన్నదమ్ముల్ని కూడా పిలుచుకున్నాడు.

మా కట్ట మీద మా అత్త ఎదురుగా నిలబడి ఏడాది మాట ఎత్తింది. ఆయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని అన్నాడు: ‘‘పోసిన చేయి నాది. తీసే చేయి నాదే. ఏడాది సంగతి నా నెత్తిన ఉండనీ అక్కా.’’ అని నీళ్లలో దిగి మొదటి చేప తీసి కూతురి చేతికిచ్చినాడు. అది చూసినాక మా అత్త పక్కకు తప్పుకుంది.

మొదటిరోజు మగవాళ్లు పెద్దవల లాగినారు. కుప్పలుగా పడింది. అందరం సంతోషించినాం గాని అది తెలివితక్కువ సంతోషం. వల పైకెత్తగానే తల్లి చేప బెదిరి నోరు తెరిచింది. జీలకర్ర చల్లినట్టు పిల్లలు నీళ్లలో పడి చెదిరిపోయినాయి. సారు చెప్పింది నిజమని అప్పుడు కళ్లారా చూసినాం. తల్లిని తీసినకొద్దీ పిల్లల్ని మేమే చెరువులో నాటుతున్నాం. మగవాళ్లు కోపంతో వలను మరీ గట్టిగా లాగడం మొదలుపెట్టినారు.

కట్ట మీద అలిగి కూర్చున్న మా అత్త అదంతా చూస్తోంది. ఇంక పట్టలేక లేచింది. ఇంట్లోంచి పాతచీర తెచ్చి, నన్నూ కొత్త కోడల్నీ కేకేసింది. ‘‘అట్ల తల్లిని ఈడిస్తే యా తల్లి మాత్రం పిల్లల్ని ఇడవకుండా ఉంటాదే? దాని కింద గుడ్డ పరచండి ముందు.’’

ఆ మాటతో పని మారింది. ఒడ్డు పక్క పల్చని నీళ్లు మా ఆడవాళ్లవి అయినాయి. నలుగురం చీర నాలుగు చెరగులూ పట్టుకుని, నీళ్ల అడుగున పరిచి, చప్పుడు లేకుండా నిలబడతాం. తల్లి చేప మీదికి వచ్చినాక చెరగులు కలిపి నీళ్లతో సహా మూట ఎత్తుతాం. పిల్లల్ని కక్కినా మూటలోనే కక్కుతుంది. దాన్ని కట్ట అవతలికి మోసి ఎండలో కుమ్మరించడమే. నడుములు విరిగినాయి. వియ్యంకుడి ఊరి ఆడవాళ్లు కూడా వచ్చి చేరినారు. ఎవరి చీర చిరిగితే వాళ్లను ఎగతాళి చేసుకుంటూ చేసినాం.

పెద్ద చేపలది ఇంకో టక్కు. వల వస్తోందని తెలిసి బురదలో పడుకుంటాయి. వల మీదుగా పోతుంది. వాటికోసం వరసగా మోకాళ్ల మీద కూర్చుని బురదలో చేతులు పెట్టి తడమాలి. వీపు మీది ముళ్లు దిగితే అరచేయి చిల్లులే. సాయంత్రం పసుపు అద్దుకుని, పొద్దున మళ్లీ దిగేవాళ్లం. మా చేప చేతికి తగిలితే తడిగుడ్డలో చుట్టి, ఏరడం అయ్యేదాకా చెరువు మూలన కంపతో దడి కట్టిన గుంటలో ఉంచేవాళ్లం. చేతికి తగలగానే ఏది మనదో ఏది కాదో నా వేళ్లకు తెలిసిపోయేది.

ఏరిన చేపను కోడలు కట్ట మీదే వండింది, ఊరంతా తిన్నారు. రుచి బాగుంది. అబద్ధమెందుకు. మా అత్త రెండుసార్లు అడిగి వేయించుకుంది.

కర్నూలు దగ్గర కాలువకు నీళ్లు వదిలినారని కబురొచ్చిన మరునాడు సారు వచ్చినాడు. బండిలో మందు డబ్బాలు ఉన్నాయి.  సారు ప్యాంటు మడిచి నీళ్లలో దిగి, తానూ వల తాడు పట్టినాడు. లాగినారు.  గండుమీను, కొర్రమీను, జెల్లలు. మళ్లీ లాగమన్నాడు. మళ్లీ అవే. అడ్డంగా లాగమన్నాడు. లాగినాం. ఆ తర్వాత ఒడ్డు చుట్టూ వంగి వంగి నడిచి గుంతల కోసం వెతికినాడు. మా వియ్యంకుడు ఆయన వెనకాలే నీడ మాదిరి నడిచినాడు. పాత గుంతల్లో బురద నిండిపోయి ఉంది. కొత్తది ఒక్కటి లేదు.

సారు ఒడ్డుకు వచ్చి కాళ్లు కడుక్కున్నాడు. డబ్బాలు దించవద్దని బండివానికి చెప్పినాడు. వియ్యంకుడు చెరువు వైపు తిరిగి తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. ఎంతసేపటికీ మా వైపు తిరగలేదు. మా అత్త ఆయన దగ్గరకు పోయి ఏదో మెల్లగా చెప్పింది. ఏం చెప్పిందో నేను అడగలేదు.

‘‘నీళ్లు వచ్చేసినట్టున్నాయి. తూము ఎత్తమని చెప్పమ్మా,’’ అన్నాడు సారు నాతో.

కాలువ తూముల మీద పెత్తనం లస్కరుది. తూము తలుపు ఎత్తేదీ దించేదీ అతనే. రెడ్లు చెప్తే ఎత్తుతాడు, కరణం చెప్తే ఎత్తుతాడు. బెస్త ఆడమనిషి చెప్తే ఎత్తిన మనిషి కాదు. నేను బురద కాళ్లతోనే కాలువ గట్టెక్కినాను. అతను బీడీ కాలుస్తూ కూర్చుని ఉన్నాడు. చెరువుకు నీళ్లు వదలమన్నాను.

‘‘ఎవరు చెప్పమన్నారు?’’

సారు పేరు చెప్పి ఉండొచ్చు. నా నోటికి రాలేదు.

‘‘నేను చెప్తాండా. చెరువు బాగుండాది, నీళ్లు ఇడుసు.’’

అతను నన్ను కింది నుంచి పైదాకా చూసినాడు. కట్ట మీద నిలబడిన జనాన్ని చూసినాడు. బీడీ పారేసి, లేచి, మర తిప్పినాడు. నురుగుతో, గడ్డితో, ఎర్రటి నీళ్లు తూములోంచి దూకినాయి. నేను పిల్లకాలువ గట్టున ఆ నీళ్లకంటే ముందు నడిచి చెరువు దగ్గరికి వచ్చినాను.