బుంగమూతికి తోడు

మా వదిన పరదాలు కుడుతుంది. మిషనుకైనా విరామం ఉంటుందేమో గానీ ఆవిడ నోటికి ఉండదు. అలాంటి మనిషి ఆ వారమంతా ఉలకదు, పలకదు. కుట్టిందల్లా వంకరే.

దిగులంతా బుంగమూతి గురించి. మా వీధి బడిలో చదువులో వెనకబడ్డ ఒక్కో పిల్లకు వీధిలోని పెద్దవాళ్ళలో ఒకరిని తోడు పెడతారు. సాయంత్రం బడి వదిలాక పక్కన కూర్చుని చదివించాలి. వదిన వంతుకు వచ్చింది రెండో తరగతి పిల్ల. ఎప్పుడు చూసినా అలిగినట్టే ఉంటుంది కనుక ఇంట్లో మేం పెట్టుకున్న పేరది. వదిన దగ్గర గడగడా చదువుతుంది. పరీక్షలో పెద్ద టీచరు ముందు మాత్రం నోరు పెగలదు. ఈసారీ చదవకపోతే మళ్ళీ రెండో తరగతే.

"నేనే ఎక్కడో చెడగొట్టానేమోనే," అంది వదిన.

"నీ మొహం! అది మొండిఘటం, అంతే," అని కసిరాను. లోపల నాకూ భయంగానే ఉంది.

పరీక్ష నాడు నన్నూ లాక్కుపోయింది. గది బయట బల్ల మీద కూర్చున్నాం. లోపల బుంగమూతి రెండు ముక్కలు గొణిగి ఆగిపోయింది. పెద్ద టీచరు మంచావిడే. "నీళ్ళు తాగిరా, ఇంకొక్కసారి చూద్దాం," అని బయటికి పంపింది.

కుళాయి దగ్గర వదిన దాని గడ్డం పట్టుకుంది. "ఏమైందే తల్లీ? నా దగ్గర చక్కగా చదివావుగా!"

"చదివేస్తే నువ్వు రావంటగా? ఇంకో పిల్ల దగ్గరికి పంపేస్తారంటగా?"

అది నిజమే మరి. వస్తానని చెప్పెయ్, నీ సొమ్మేం పోతుంది, అని వదినకు కళ్ళతోనే సైగ చేశాను.

వదిన నా వైపు చూడనైనా లేదు. "రానివ్వరే," అంది. "అయినా నువ్వు చదవాలి."

బుంగమూతి ఏడవలేదు. విసవిసా లోపలికి పోయింది. కొంప ముంచావు కదే తల్లీ, అని వదిన మీద విరుచుకుపడబోయాను. అంతలో లోపలినుంచి గొంతు వినిపించింది. ఖంగుమంటోంది, ఎక్కడా తడబాటు లేదు. పేజీ మొత్తం చదివేసింది.

"చాలమ్మా, పాసయ్యావు," అంది టీచరు.

అది ఆపలేదు. పేజీ తిప్పింది. తర్వాతి పాఠం మొదలుపెట్టింది. "చాలు తల్లీ," అన్నా వినదు, ఊపిరైనా సరిగా తీసుకోదు. చివరికి టీచరే గుమ్మంలోకి వచ్చింది.

"మీరైనా చెప్పండమ్మా, ఆపమని."

వదిన తల అడ్డంగా ఊపింది.