నంబరు నొక్కని మావయ్య

మావయ్యకు లోకంలో ఒకే ఒక్క మాట గిట్టదు: "కుదరదు". ఆ మాట మనిషి అన్నా, యంత్రం అన్నా ఆయనకు ఒకటే. బరువెక్కువైందని లిఫ్టు కూత పెడితే తక్కినవాళ్లంతా బుద్ధిగా దిగిపోయారు గానీ, ఆయన మాత్రం "ముందెక్కింది నేను, నన్ను దిగమనడానికి నువ్వెవరు" అని లిఫ్టుతోనే తగువేసుకున్నాడు. బస్సు నడిపినన్నాళ్లూ రివర్సు గేరు వెయ్యడమంటే ఆయనకు తలవంపులే. ఎదురొచ్చిన బండే వెనక్కి పోవాలి.

అలాంటి మనిషికి ఫోను ఎదురుతిరిగింది. రాత్రికి రాత్రి దానంతటదే అప్‌డేట్ అయి, తెల్లారేసరికి వేలిముద్రను గుర్తుపట్టనని మొరాయించింది. మావయ్య దాన్ని పట్టుకుని, ఫోన్లు బాగుచేసే మేనకోడలి కొట్టుకు వచ్చాడు.

"నిన్నటిదాకా తెరుచుకున్న ఫోను ఇవాళ నువ్వెవరంటోందే. అడగడానికి అదెవరు?"

మేనకోడలు స్క్రీను తుడిచింది, ఫోను ఆపి మళ్లీ ఆన్ చేసింది. లాభం లేకపోయింది.

"లాకు నంబరు చెప్పు మావయ్యా."

గడగడా చెప్పాడు.

"అంత బాగా గుర్తుంటే అదే నొక్కి తెరుచుకోవచ్చుగా?"

"నొక్కను. వేలుండగా నంబరెందుకు?"

"పోనీ, లాకే తీసేస్తా."

"దీనికి భయపడి తలుపులు బార్లా తీసి పడుకోమంటావా?"

కొట్టులో ఉన్నవాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. ఆమె పాత వేలిముద్ర చెరిపేసింది.

"చెరిపేశావా?" అన్నాడు మావయ్య, గొంతు తగ్గించి.

"కొత్తగా ఎక్కిద్దాం, వేలు పెట్టు."

పెట్టక తప్పలేదు. ఫోను టక్కున తెరుచుకుంది. సంతోషించాల్సింది పోయి, ఆయన మొహం గంటు పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు కొట్టు తెరవకముందే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"కుదరదంటోందే."

"ఏదీ, పెట్టు."

పెట్టాడు. తెరుచుకుంది.

"ఇక్కడ తెరుచుకుంటుంది. ఇంట్లో తెరుచుకోదు."

"ఇల్లు మారితే వేలు మారుతుందా మావయ్యా?"

"నాకు పాఠాలు చెప్పకు. వేలెక్కించడం ఎలాగో చూపించు, నేనే చూసుకుంటా."

చూపించింది. ఆ మర్నాడూ వచ్చాడు, అదే ఫిర్యాదుతో. మేనకోడలికి చిర్రెత్తుకొచ్చింది. కొట్టుకు తాళం వేసి, "పద, ఇంట్లోనే చూస్తా" అంది. అక్కర్లేదంటూ ఆయన వీధి పొడుగునా అడ్డం పడుతూనే ఉన్నాడు. ఆమెలోనూ ఆ మేనమామ పోలిక ఉంది కదా, ఆగితే ఒట్టు.

ఇంట్లో అత్తయ్య కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. అడుగుల చప్పుడు విని, "బాగైందా అండీ? మా అక్క ఎదురుచూస్తుంటుంది" అంటూ చెయ్యి చాచింది. గుమ్మంలో నిలబడ్డ మేనకోడలిని ఆమె పోల్చుకోలేదు. ఫోను అందుకుని బొటనవేలు పెట్టింది. తెరుచుకోలేదు, అంకెలు వచ్చాయి. ముక్కుకు ఆనించుకుని చూసి, "అంతా అలికేసినట్టుంది" అని పక్కన పెట్టేసింది.

మావయ్య మేనకోడలిని వంటింట్లోకి లాక్కెళ్లాడు.

"ఫోను మీ అత్తయ్యదే. నువ్వు చెరిపేసింది తన వేలే. కళ్లలో శుక్లాలు, త్వరలో ఆపరేషను. ఈలోగా చూపు తగ్గిందని తెలిస్తే కుట్టడానికి బట్టలెవరిస్తారే? వాళ్లక్కకు కూడా చెప్పొద్దంది. కుట్టుకూలి డబ్బులన్నీ ఆ ఫోనులోకే వస్తాయి, లాకు తియ్యనివ్వదు. నేను తెరిచిస్తే తీసుకోదు. ఫోనుకు కూడా మిమ్మల్ని అడుక్కోవాలా అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అందుకే, మొండాణ్ని నేనేనని అందరూ అనుకోనీ."

మేనకోడలికి ఆయన మీద ఎక్కడలేని ప్రేమా పొంగుకొచ్చింది. పైకి అంటే దానికీ తగువుకొస్తాడని ఊరుకుంది.

వెళ్లి అత్తయ్య చెయ్యి పట్టుకుని చూసింది. సూదీ గుడ్డా రాసుకుని బొటనవేలు నున్నగా అరిగిపోయింది, చూపుడువేలూ అంతే. అప్‌డేట్ అయ్యాక ఫోను పట్టింపులు పెంచుకుని ఆ అరిగిన వేళ్లను ఒప్పుకోవడం లేదు. ఏ పనికీ రాని ఎడమచేతి చిటికెనవేలు ఒక్కటే గీతలతో మిగిలింది. దాన్ని పొడిగా తుడిచి, అటూ ఇటూ తిప్పి ఎక్కించింది. ఫోను తెరుచుకుంది. వాళ్లక్క ఫొటోను కూడా తెరమీద పెద్దదిగా పెట్టిచ్చింది.

అత్తయ్య ఆ క్షణమే ఫోను చేసింది.

"ఏం లేదక్కా, ఈయనకు ఫోను వాడడం రాదు. ఉన్న వేలిముద్ర పాడుచేసి, పాపం పిల్లను ఇంటిదాకా రప్పించారు. నంబరు నొక్కండి మహానుభావా అంటే మొండికేస్తారు."

మావయ్య కిటికీ దగ్గర వెలుగులో నిలబడి ఆమె సూదికి దారం ఎక్కిస్తున్నాడు. అవతలి వాళ్లకు వినబడేలా గొంతు పెంచాడు.

"రాదని చెప్పు. నేర్చుకోననీ చెప్పు."