కొట్టేసిన ఊళ్ళు

పోయిన నెల మా ఆవిడా నేనూ వియత్నాం చూసొద్దామనుకుని, జూబ్లీహిల్స్‌లో ఒక పుస్తకాల షాపుకు వెళ్ళి గైడు పుస్తకాల ముందు గంటసేపు నిలబడ్డాం. నిలబడింది నేను, విసుక్కున్నది ఆవిడ. ఏ గైడు తీసినా ముందు అచ్చయిన సంవత్సరం చూస్తాను, తరువాత అందులో ఏ హోటళ్ళ ప్రకటనలున్నాయో చూస్తాను, ఆపైన అదే కంపెనీవాళ్ళు మన దేశం మీద వేసిన పుస్తకం తీసి హైదరాబాదు గురించి ఏం రాశారో చూస్తాను. మన ఊరి గురించే తప్పు రాసినవాడు పరాయి ఊరి గురించి నిజం రాస్తాడని ఏం నమ్మకం? షాపులో అమ్మాయి నన్ను దొంగను చూసినట్టు చూసింది. ఈ అనుమానం జబ్బు నాకు ఎక్కడ అంటుకుందో మా ఆవిడకు కూడా ఎన్నడూ చెప్పలేదు.

తొంభైల మొదట్లో మాట. నాలుగేళ్ళు సహాయ దర్శకుడిగా సీన్ పేపర్లు మోసి, క్లాప్ బోర్డు కొట్టి, నిర్మాత అయిన మా బావగారి దయవల్ల ఫిల్మ్ నగర్ ఆఫీసులో ప్రొడక్షన్ మేనేజరు కుర్చీ ఎక్కాను. ఎక్కిన ఆరు నెలలకే రెండు పాటలు స్విట్జర్లాండ్‌లో తీద్దామన్నారు. మా యూనిట్లో ఆ దేశం ముఖం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. మంచి గైడు పుస్తకం సంపాదించి, ఏ ఊళ్ళో దిగాలో, ఎక్కడ తీయాలో నిర్ణయించే పని నా మీద పడింది. "ఈ షెడ్యూల్లో తేడా వచ్చిందంటే మళ్ళీ క్లాప్ బోర్డేనోయ్" అని బావగారు నవ్వుతూ అన్నారు. ఆయన నవ్వుతూ అన్న మాటలే నిజంగా జరుగుతాయని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ రోజుల్లో ఎవరికైనా ఒక మంచి లొకేషన్ దొరికిందంటే సినిమా విడుదలయ్యేదాకా ఊరి పేరు బయటికి పొక్కనిచ్చేవారు కాదు. ఎక్కడికి వెళ్ళొచ్చారని అడిగితే అరకు అనేవారు, తీరా చూస్తే వెళ్ళింది ఊటీకి. అటువంటి చోట, మా ఎదుటి కంపెనీలో మేనేజరుగా చేస్తున్న షేక్‌పేట పెద్దాయన, అంతకు ముందు ఏడాదే స్విట్జర్లాండ్ వెళ్ళొచ్చినాయన, నేను అడగకుండానే ఒక పొద్దున్న వచ్చి తన గైడు పుస్తకం నా టేబుల్ మీద పెట్టారు. "తీస్కపో బిడ్డా. కొట్టేసిన ఊర్లు జర చూస్కో" అని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

నాకు ఆ క్షణం నుంచి నిద్ర లేదు. వాళ్ళ కంపెనీ మూతపడబోతోందని అప్పటికే అందరూ చెప్పుకుంటున్నారు, ఆయన పనికోసం చూస్తున్నారనీ తెలుసు. నా కుర్చీ మీద కన్నేశాడేమో! పుస్తకం మొదట్లో ఉన్న ఊళ్ళ జాబితాలో ఆరేడు పేర్ల మీద పెన్సిలు గీతలున్నాయి. చూస్కో అన్నాడంటే జాగ్రత్త అనే కదా, అంటే అవి పనికిరాని ఊళ్ళన్నమాట. లేదా మంచివాటినే కొట్టేసి మాకు దక్కకుండా చేస్తున్నాడన్నమాట. ఎటు చూసినా నమ్మబుద్ధి కాలేదు. లోపలి పేజీలు తిప్పకుండానే దాన్ని సొరుగులో పడేసి, ఆబిడ్స్ వెళ్ళి నిగనిగలాడే కొత్త గైడు కొన్నాను. అందులో ఒక కొండ కనుమ బొమ్మ చూసి మతిపోయింది. అక్కడే గదులు బుక్ చేయించాను.

మే నెలలో వెళితే ఆ కనుమ దారి మంచుకింద మూసుకుని ఉంది. పద్నాలుగు మందిమి మూడు రోజులు దారిలో దొరికిన హోటలు కిటికీల్లోంచి వాన చూస్తూ కూర్చున్నాం. హీరో డేట్లు అయిపోయాయి, రెండు పాటల్లో ఒకటే వచ్చింది.

తిరిగొచ్చాక బావగారు నన్ను పిలిచి, ఏం జరిగిందని అడిగారు. నా నోట్లోంచి మాట నీళ్ళలా వచ్చింది: ఎదుటి కంపెనీ పెద్దాయన గైడు పుస్తకం ఇచ్చి మనల్ని తప్పుదారి పట్టించాడన్నాను. ఫిల్మ్ నగర్లో అటువంటి మాట నమ్మడానికి ఎవరికీ సాక్ష్యం అక్కర్లేదు. "వచ్చే సినిమాకి ఆయన్నే తీసుకుందామనుకున్నానోయ్, బతికిపోయాం" అన్నారు బావగారు. నా కుర్చీ నాకు మిగిలింది.

వారం తరువాత, పుస్తకం తిరిగిచ్చేద్దామని సొరుగులోంచి తీసి, మొదటిసారి లోపలి పేజీలు తిప్పాను. గీత కొట్టిన ప్రతి ఊరి పక్కనా ఆయన చేతిరాత ఉంది. మా కనుమ కింది ఊరి దగ్గర, "జూన్ కంటె ముందు పైకి పోవద్దు. కింద ఊరు మంచిగున్నది. హోటల్ ముసలమ్మ మనోళ్ళకు వంటకు పొయ్యి ఇస్తది" అని రాసి ఉంది. అప్పుడు తట్టింది నాకు. షాటు ఓకే అయితే సీన్ పేపర్లో ఆ వరుస కొట్టేస్తాం. నాలుగేళ్ళు నా చేత్తో నేనే కొట్టేశాను. ఆయన పాటలు తీసిన ఊళ్ళు ఆయన కొట్టేశారు. చూస్కో అంటే, వాటినే చూడమని.

ఎదుటి ఆఫీసుకు వెళ్ళి పెద్దాయనకు పుస్తకం ఇచ్చాను. "ఏం బిడ్డా, పనికొచ్చిందా?" అన్నారు. వచ్చిందన్నాను. ఆయన ముఖం ఎంత సంతోషపడిందో ఇప్పటికీ తలచుకోలేను. బావగారి గది ఇరవై అడుగుల దూరం కూడా లేదు, వెళ్ళి నిజం చెప్పలేదు. ఆ శీతాకాలానికి వాళ్ళ ఆఫీసుకు తాళం పడింది, ఆయన మళ్ళీ ఫిల్మ్ నగర్లో కనబడలేదు.

ఇప్పుడు లొకేషన్లు ఎవరూ దాచుకోరు, షూటింగ్ జరుగుతుండగానే ప్రపంచానికంతా చూపిస్తారు. అడగకుండా తన పుస్తకం తెచ్చి పోటీ కంపెనీవాడి టేబుల్ మీద పెట్టే మనిషి మాత్రం నాకు మళ్ళీ తారసపడలేదు. ఆయనా లేరు, మా బావగారూ లేరు. ఇప్పుడు నిజం చెప్పినా నా కుర్చీ పోదు, ఆయనకు పని రాదు.